ఉర్దూలో ఇంజనీరింగు చదివిన రోజులు

"ఉర్దూ మీడియంలో చదివితే పిల్లగాడు ఇంజనీరు అవుతాడా మాస్టర్ సాబ్?" అని ప్రతి జూన్ నెలలో తల్లిదండ్రులు మమ్ములను అడుగుతుంటారు. అడగడంలో తప్పు లేదు. బిడ్డ భవిష్యత్తు గురించిన భయమది. అయితే ఇదే హైదరాబాదులో 1929వ సంవత్సరం మొదలు 1948 తరువాతి మార్పుల దాకా, దగ్గర దగ్గర 20 ఏండ్లు, ఇంజనీరింగు పట్టా చదువు ఉర్దూలోనే నడిచిందని చెబితే చాలామంది నమ్మరు. మన తాతల కాలపు ముచ్చట మనకే కొత్తగా వినిపిస్తుంది. ఆ చదువు ఎట్లా మొదలైంది, అందులో విద్యార్థికి సులువైనదేది, కష్టమైనదేది, అది ఆగిపోయినప్పుడు నడుమ చిక్కుకున్నవారి గతి ఏమైంది అన్నది ఈ సంచికలో రాయదలచినాము. గొప్పలు చెప్పుకోవడానికి కాదు. ఇప్పుడు మన పిల్లలు పడుతున్న కష్టానికీ దానికీ సంబంధం ఉన్నది గనుక.

ముందు ఇంజనీర్ల అవసరం ఎందుకు వచ్చిందో చూడాలె. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచింది. వేలాది ప్రాణాలు పోయినవి. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగినారు. ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన చెప్పినారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినవి. ఈ పనులను దగ్గరుండి నడిపించినవారు మీర్ అహ్మద్ అలీ గారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అంటేనే జనానికి తెలుస్తుంది. 1877లో పుట్టిన ఈయన ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్లి కూపర్స్ హిల్ ఇంజనీరింగు కాలేజీలో చదివి వచ్చినారు. మంజీరా మీద నిజాంసాగర్ కూడా ఆయన చేతి మీదనే 1931లో పూర్తయింది. తెలంగాణ రాష్ట్రం వచ్చినాక జులై 11వ తేదీని, అంటే ఆయన పుట్టినరోజును, ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు.

కాని ఒక అలీ నవాజ్ జంగుతో చెరువులు, కాలువలు, రోడ్లు, వంతెనలు అన్నీ కావు గదా. కింద పని చూసేవారు వందల మంది కావాలె. సంస్థానంలో తగిన కాలేజీ లేనప్పుడు పైచదువు కోరే పిల్లవాడు రూర్కీకో, పూనాకో, మద్రాసు దగ్గర గిండీకో పోవాలె. అక్కడంతా ఇంగ్లీషు. ఇల్లు వదిలి, ఊరు వదిలి, భాష కూడా వదిలి పోగలిగినవారు ఎందరుంటారు? ఉన్నవారి పిల్లలే పోయేవారు.

ఇంజనీరింగునకు ఉర్దూ అంతకుముందు పూర్తిగా కొత్తదేమీ కాదు. గంగా కాలువ పనికోసం 1847లో రూర్కీలో కాలేజీ పెట్టినప్పుడే, కింది తరగతి ఉద్యోగాలకు తయారయ్యే మన దేశపు విద్యార్థులకు సర్వే, లెవెలింగు వంటివి ఉర్దూలోనే చెప్పేవారు. పై తరగతికి ఇంగ్లీషు, కింది తరగతికి దేశభాష. ఆ గీత అప్పుడే గీసినారు. ఆ రూర్కీలోనే ఓవర్సీరు పరీక్ష ఇచ్చి, బెలూచిస్తాన్‌లో రైలుపట్టాల పని చూసిన ఒక లక్నో యువకుడు తరువాత ఉద్యోగం వదిలి నవలలు రాసినారు. ఆయనే "ఉమ్రావ్ జాన్ అదా" రాసిన మీర్జా హాదీ రుస్వా. ఆ నవల సినిమాగా చూసినవారు మనలో చాలామంది ఉంటారు. రాసిన ఆయన ఓవర్సీరని తెలిసినవారు తక్కువ. ఇదే రుస్వాగారు చివరి రోజుల్లో హైదరాబాదు వచ్చి దారుల్ తర్జుమాలో అనువాదకులుగా పనిచేసి, 1931లో ఇక్కడే కన్నుమూసినారు.

దారుల్ తర్జుమా అంటే అనువాదశాల. 1917లో అక్బర్ హైదరీ గారు నిజాం ప్రభువుకు ఒక విజ్ఞప్తి సమర్పించినారు. పరాయి భాషలో చదివితే పిల్లల శక్తి అంతా భాషకే ఖర్చవుతున్నది, విషయం మిగలడం లేదు అన్నది దాని సారం. ఆ ఏడే విశ్వవిద్యాలయానికి అనుమతి వచ్చింది. తరగతులు 1919లో మొదలైనవి. తమాషా ఏమంటే, పాఠాలకంటె ముందు అనువాదశాల పుట్టింది. పుస్తకం లేనిదే పాఠం ఎట్లా చెప్తారు? మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు దానికి మొదటి అధిపతి. చరిత్ర, తత్వశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు, ఇట్లా వందల పుస్తకాలు అక్కడినుంచి వెలువడినవి. ఒక ముఖ్యమైన మాట: ఇంగ్లీషును ఎవరూ తీసివేయలేదు. మొదటినుంచీ అది తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. చదువు ఉర్దూలో, ఇంగ్లీషు పక్కన తోడుగా. ఈ సంగతిని అటు ఉర్దూ అభిమానులూ ఇటు విమర్శకులూ ఇద్దరూ మరచిపోతుంటారు.

ఇక అసలు పేచీ మాటల దగ్గర వచ్చింది. ఇంగ్లీషు శాస్త్రపదానికి ఉర్దూలో ఏమనాలె? అరబ్బీనుంచి తేవాలని కొందరన్నారు. పానిపట్టునుంచి వచ్చిన వహీదుద్దీన్ సలీమ్ గారు, ఉర్దూ ఈ గడ్డమీద పుట్టిన భాష, ఇక్కడి మాటలను కలిపి కొత్తవి చేసుకోవచ్చునని వాదించినారు. మాటలు ఎట్లా కూర్చాలో చెప్పే ఆయన పుస్తకం "వజె ఇస్తిలాహాత్" 1921లో వచ్చింది. ఆ పేచీ తెగలేదు. అందుకే ఆనాటి శాస్త్రపదాలలో రెండు రకాలూ కనిపిస్తవి.

ఒకరకం చూడండి. రాపిడికి "రగడ్". పీడనానికి "దబావ్". బిగువునకు "తనావ్". వంచితే వంగి మళ్లీ తన ఆకారానికి వచ్చే గుణానికి "లచక్". దూలానికి "శహ్తీర్". కమానుకు "మెహ్రాబ్". ఇవి బజారులో, బావిదగ్గర, మసీదులో వినిపించే మాటలే. విద్యార్థికి విడమరచి చెప్పే పని లేదు. "లచక్" అనగానే వెదురుబద్ద కండ్లముందు కనబడుతుంది. ("రగడ్" నుంచి చూస్తే మన తెలుగులో "రగడ" అంటే కొట్లాట. రెండు వస్తువులు రాసుకుంటే వేడి పుట్టక మానదు గదా!)

రెండోరకం వేరు. స్థితిశాస్త్రానికి "సుకూనియాత్", గతిశాస్త్రానికి "హర్కియాత్", గరిమనాభికి "మర్కజె సిఖ్ల్". త్రికోణమితిలో సైనుకు "జైబ్", కొసైనుకు "జైబుత్తమామ్". ఇవి అరబ్బీ చదివిన మౌల్వీసాబుకు తీపి, పదహారేండ్ల పిల్లవానికి కరక్కాయ. కొసైను కంటె జైబుత్తమామ్ ఎందులో సులువు? మా అభిప్రాయంలో దారుల్ తర్జుమా నెగ్గింది రగడ్, దబావ్ దగ్గర, తడబడింది జైబుత్తమామ్ దగ్గర. తెలుగులోనూ ఇదే జరిగింది గదా. 1968లో తెలుగు అకాడమీ పెట్టినాక వచ్చిన పుస్తకాలలో "స్థితిస్థాపకత్వం" అని ఉంటుంది. ఆ మాట నోరు తిరిగేలోపల గంట కొడతారు.

జైబ్ కథ మాత్రం చెప్పకుండా ఉండలేము. ఆర్యభట్టు కాలంలో మనవారు దీన్ని "జ్యా" అన్నారు, అంటే వింటినారి. "జీవ" అని కూడా అన్నారు. అరబ్బులు ఆ లెక్కలు నేర్చుకొని "జీబ" అని రాసుకున్నారు. అరబ్బీ రాతలో అచ్చులు రాయరు గనుక తరువాతివారు దాన్ని "జైబ్" అని చదివినారు. ఆ మాటకు అంగీ మడత, ఒడి అని అర్థం. మన "జేబు" కూడా అదే. యూరపువారు అరబ్బీనుంచి లాటిన్‌లోకి తెచ్చినప్పుడు ఒడికి లాటిన్ మాట "సైనస్" పెట్టినారు. అదే ఇంగ్లీషు సైను. కాబట్టి సైను అన్నా జైబ్ అన్నా జ్యా అన్నా ఒకటే మాట ఊర్లు తిరిగి వేషాలు మార్చుకున్నది. పదో తరగతి పిల్లలకు ఈ కథ చెబితే ఆ రోజుకు సైను భయం పోతుంది. కొసైను భయం మరునాటికి ఉంటుందనుకోండి.

ఇంజనీరింగు కాలేజీ 1929లో మొదలైంది. విద్యార్థి రోజు ఎట్లా గడిచేదో ఊహించడం కష్టం కాదు, పని స్వభావమే చెప్తుంది. డ్రాయింగు బల్ల, టీ-స్క్వేరు, వడ్రంగం కమ్మరం షెడ్డు, ఎండలో సర్వే క్యాంపు. 66 అడుగుల గొలుసు, దానికి 100 లింకులు. 10 చదరపు గొలుసులైతే ఒక ఎకరం. పాఠం ఉర్దూలో రాసుకునేది కుడినుంచి ఎడమకు. నడుమ అంకెలు వస్తే అవి ఎడమనుంచి కుడికి. బీజగణితంలో ఎక్సుకు "లా", వైకి "మా" అని ఉర్దూ అక్షరాలు. తీరా క్యాంపులో థియోడొలైటు మీద కన్ను పెడితే దాని అంకెలు ఇంగ్లీషువి, యంత్రం వచ్చిందే విలాయతునుంచి. అంటే ఆ విద్యార్థి రోజూ రెండు లిపుల మధ్య పడవ నడిపినట్టే. పరీక్ష పాసై తామీరాత్ మహకమాలోనో ఆబ్‌పాశీ మహకమాలోనో చేరితే మాత్రం ఫైలు ఉర్దూ, హుకుం ఉర్దూ, గుత్తేదారుతో మాట ఉర్దూ. తరగతి గదిలో నేర్చుకున్న మాట పనిచోట పనికి వచ్చేది. ఇది చిన్న సంగతి కాదు. ఈనాటి విద్యార్థికి లేని భాగ్యం ఇదొక్కటే.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలె. ఆ చదువు అందరికీ మాతృభాషలో చదువు కాదు. నిజాం రాజ్యంలో సగానికి దగ్గరగా జనం ఇంటిభాష తెలుగు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారు కలిసి మరో మూడో వంతు పైన. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవారు పదిమందికి ఒకరు, అంతకు కొంచెం ఎక్కువ. పల్లెలో తెలుగు మాట్లాడి పెరిగిన రైతుబిడ్డకు "మర్కజె సిఖ్ల్" అన్నా "సెంటర్ ఆఫ్ గ్రావిటీ" అన్నా రెండూ పరాయివే. అక్బర్ హైదరీ గారు ఇంగ్లీషు గురించి చెప్పిన కష్టమే ఈ పిల్లవాడు ఉర్దూ వల్ల పడినాడు. అయినా వందలాది తెలుగు కుటుంబాల బిడ్డలు ఉర్దూ నేర్చి, ఉస్మానియాలో చదివి, మనతో పోటీ పడి నెగ్గినారు. మన పట్టణంలోనే పాతతరం హిందూ పెద్దలు మనకంటె మంచి ఉర్దూ రాసేవారని మీకందరికీ ఎరుకే. వారి కష్టాన్ని మనం లెక్కలోకి తీసుకోకుండా "మా భాషలో యూనివర్సిటీ ఉండేది" అని చెప్పుకుంటే అది సగం చరిత్రే.

ఉర్దూలో చదివినవారు బయట నిలబడగలరా అన్న ప్రశ్న అప్పుడూ ఉండేది. దానికి ఒక జవాబు చాలు. 1908లో హైదరాబాదులో పుట్టిన రజియుద్దీన్ సిద్దీఖీ గారు ఉస్మానియాలో ఉర్దూలో గణితం చదివి, కేంబ్రిడ్జి వెళ్లి, అక్కడినుంచి జర్మనీలోని లైప్జిగ్‌లో హైజెన్‌బర్గు దగ్గర పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చినారు. తిరిగి వచ్చి తాను చదివినచోటనే గణితం చెప్పినారు. ఇంజనీరింగు విద్యార్థికి గణితమే వెన్నెముక గనుక ఆయన పేరు ఇక్కడ చెప్పినాము.

ఇక ముగింపు ఎట్లా వచ్చింది. ఇంజనీరింగు కాలేజీకి సొంత శాశ్వత భవనం 1947లో సమకూరింది. మరుసటి సెప్టెంబరులో, 1948లో, పోలీసు చర్య జరిగింది. ఆ తరువాత విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఇంగ్లీషుకు మారింది. కొత్త భవనం గోడలు ఆరకముందే లోపలి భాష మారిపోయిందన్నమాట. పైన లెక్క చూసినాము, సంస్థానం ఇండియన్ యూనియనులో కలిసినాక అంతమంది మీద ఉర్దూ ఒక్కటే నడవదు, మార్పు రావలసిందే. కాని మార్పు నడుమ చిక్కుకున్న విద్యార్థులను ఎవరు పట్టించుకున్నారు?

మా చిన్నతనంలో మా మొహల్లాలో ఒక రిటైర్డు ఇంజనీరు సాహెబు ఉండేవారు. రెండేండ్లు ఉర్దూలో చదివి తక్కినది ఇంగ్లీషులో ముగించినవారు. ఆయన నోటుబుక్కులు మేము చూసినాము. ముందు పేజీలు కుడినుంచి, వెనుక పేజీలు ఎడమనుంచి. నడుమ ఒకచోట రెండు రాతలూ ఎదురెదురుగా వచ్చి ఆగినవి. "ఆధా తీతర్ ఆధా బటేర్ అయినాను బేటా" అని నవ్వేవారు. తెలిసిన లెక్కే తెలియనట్టు అనిపించేదట. మాస్టరు ప్రశ్న అడిగితే జవాబు ఉర్దూలో లోపల తయారుగా ఉండేది, బయటికి వచ్చే దారి ఉండేది కాదట. తరగతిలో కొందరు చదువు మానుకొని గుమాస్తాలుగా చేరిపోయినారని చెప్పేవారు. తాను ఎట్లా గట్టెక్కినారో అడిగితే ఒక చిన్న డైరీ చూపించినారు. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు ఉర్దూ మాట. రోజుకు పది. అంతే.

ఆయన చెప్పిన కష్టం 1949తో ముగియలేదు. మన పిల్లలు ప్రతి ఏడూ ఆ గోడకే తల కొట్టుకుంటున్నారు. దారులు తక్కువ కాలేదు, నిజానికి పెరిగినవి. మన సమాజంవారి సంస్థలే హైదరాబాదులో ముఫఖ్ఖంజా ఇంజనీరింగు కాలేజీ 1980లో, దక్కన్ ఇంజనీరింగు కాలేజీ 1984లో స్థాపించినవి. 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషనుతో బీసీ-ఈ పిల్లలకు సీటు దొరికే అవకాశం పెరిగింది. ఎంసెట్ అని మనం పిలిచే ప్రవేశపరీక్ష ప్రశ్నపత్రం మన రాష్ట్రంలో ఇంగ్లీషుతో పాటు ఉర్దూలో కూడా తీసుకోవచ్చును. ఇక్కడే చిక్కు. పరీక్ష దాకా ఉర్దూ తోడు వస్తుంది, కాలేజీ గేటు దగ్గర చెయ్యి వదిలేస్తుంది. లోపల మొదటిరోజునుంచే ఇంగ్లీషు.

మా దగ్గర చదివి మంచి ర్యాంకుతో వెళ్లిన ఒక అబ్బాయి మొదటి ఏడులో నాలుగు సబ్జెక్టులు తప్పి ఇంటికి వచ్చినాడు. లెక్కల్లో ఎన్నడూ తొంభైకి తగ్గనివాడు. కూర్చోబెట్టి పేపరు ముందు పెట్టినాము. కఠినమైన శాస్త్రపదాల దగ్గర వాడు ఆగలేదు, అవి బట్టీ పట్టినాడు. ఆగింది "సచ్ దట్", "హెన్స్", "విత్ రెస్పెక్ట్ టు", "నెగ్లెక్టింగ్" వంటి చిన్నమాటల దగ్గర. గాలి నిరోధాన్ని వదిలేయమని ప్రశ్నలో ఉంటే వాడు దాన్ని కలిపి లెక్క చేసినాడు. మేము ఉర్దూలో చెప్పగానే ఐదు నిమిషాలలో సరిగా చేసి చూపించినాడు. వైవాలో నోరు విప్పలేదని మార్కులు సున్నా. "వీనికి సబ్జెక్టు రాదు" అని రాసినారు. వచ్చు. వచ్చునని చెప్పే మాట లేదు. వాడిప్పుడు చదువు మాని మామ దుకాణంలో కూర్చుంటున్నాడు.

ఉర్దూలోనే సాంకేతిక విద్య చదవదలచినవారికి దారి లేకపోలేదు. 1998లో స్థాపించిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2008లో హైదరాబాదు, బెంగుళూరు, దర్భంగాలలో, 2018లో కడప, కటక్‌లలో పాలిటెక్నిక్‌లు తెరిచింది. పదో తరగతి తరువాత డిప్లొమా, బోధన ఉర్దూలో. ఈ సంగతి మన మొహల్లాలలో ఎందరికి తెలుసు? 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని దేశభాషలలో బీటెక్ చెప్పడానికి అనుమతించింది. మంచిదే. కాని ఉద్యోగం ఇచ్చేవాడు ఇంగ్లీషులో అడుగుతున్నంతకాలం ఎక్కువమంది తల్లిదండ్రులు అటే పంపుతారు. వారిని తప్పు పట్టలేము. మాతృభాషలో చదువు మంచిదా, ఇంగ్లీషు మంచిదా అని సభలు పెట్టి వాదించుకోవచ్చు. సీటు వచ్చిన పిల్లవానికి ఆ వాదన తీరేదాకా ఆగే తీరిక లేదు.

కాబట్టి సొసైటీ సభ్యులకు ఒక మనవి. ఫలితాలు వచ్చిన రోజుకూ కాలేజీ తెరిచే రోజుకూ నడుమ పిల్లలు ఖాళీగా ఉంటారు. ఆ రోజుల్లో మగ్రిబ్ తరువాత గంటన్నర, ఇంజనీరింగులో చేరబోయే ఉర్దూ మీడియం అబ్బాయిలకు, అమ్మాయిలకు వేరువేరుగా మాటల తరగతి నడపాలని మా ఆలోచన. వ్యాకరణం వద్దు, ఉపన్యాసాలు వద్దు. ఇంజనీరు సాహెబు డైరీ పద్ధతే. ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు మూడు వరుసలు. తెలుగు ఎందుకంటే వర్క్‌షాపులో మేస్త్రీ మాట్లాడేది అదే. గణితం, భౌతికశాస్త్రం మాటలు 640 దాకా రాసి సిద్ధం చేసినాము. చిన్నమాటల పట్టిక వేరుగా ఉన్నది. ఇంజనీరింగు డ్రాయింగు, సర్వే మాటలు ఇంకా మిగిలినవి. మనలో గల్ఫులో సైటు మీద పనిచేసి వచ్చినవారు, తాపీ, వడ్రంగం, వెల్డింగు తెలిసినవారు చాలామంది ఉన్నారు. శుక్రవారం ఇషా నమాజు తరువాత సొసైటీ ఆఫీసులో కూర్చుంటాము. వచ్చి మీ మాటలు చెబితే రాసుకుంటాము.